బెజ్జం వెయ్యనన్న మేస్త్రి

పెన్సిల్వేనియాలో మేముండే ఊళ్లో నవంబరు వచ్చిందంటే ఎవర్ని కదిపినా జింకల వేట మాటే. థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లగానే రైఫిల్ సీజన్. ఇదివరకు సోమవారం మొదలయ్యేది, 2019 నుంచి శనివారానికి మార్చారు. వంకాయ తప్ప దేన్నీ కోసి ఎరగని వాణ్ణి నేను. అయినా పక్కింటాయన "తుపాకీ మేస్త్రి దగ్గరికి వెళ్తున్నా, వస్తావా?" అనగానే కారెక్కేశాను.

వెనక సీట్లో పాత దుప్పటి చుట్టిన వించెస్టర్ 94 లివర్ రైఫిల్. ఆయన తాతది. డెబ్బై దాటిన ఆయనకిప్పుడు వెనక గాడీ, గొట్టం కొసనున్న గింజా, ఎదురుగా ఉన్న జింకా మూడూ ఒక్కసారి ఆనడం లేదట. పైన దుర్బిణి, అదే స్కోప్, పెట్టించుకుంటే తీరిపోతుందని ఆశ.

మేస్త్రి కొట్టంటే ఇంటివెనక షెడ్డే. నూనె, ఇనప రజను కలిసిన వాసన. చిన్నప్పటి మా సైకిల్ షాపు గుర్తొచ్చింది. మేస్త్రి తుపాకీ అందుకుని, లోపల తూటా లేదని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూసుకున్నాడు. ఒక డమ్మీ తూటా ఎక్కించి లివర్ కిందికి కొట్టాడు. అది నేరుగా పైకెగిరి వచ్చి నా బూటు పక్కన పడింది.

"చూశారా, స్కోప్ కూర్చోవాల్సిన చోటే ఇది ఉమ్ముతుంది."

జాన్ బ్రౌనింగ్ 1894లో దీన్ని రూపొందించినప్పుడు వేట తుపాకీకి స్కోప్ పెట్టుకునేవాళ్లు అరుదు. 1980లలో గానీ కంపెనీ ఖాళీ తూటాను పక్కకి పడేలా మార్చలేదు. ఇదేమో 1964కి ముందుది, సేకరించేవాళ్లు వెతుక్కునే రకం. స్కోప్‌ని పక్కకి జరిపి బిగించొచ్చు; కానీ రిసీవర్‌కి బెజ్జాలు పడాలి, చెంప మడమ మీద ఆనదు. "బెజ్జం వేసి డబ్బు తీసుకోవడం నాకు తేలికే. పూడ్చడమే నాకూ రాదు" అన్నాడు.

బల్లమీద ఇంకెవరిదో మార్లిన్ 336 ఉంది. దాని రిసీవర్ నెత్తి బల్లపరుపు, ఖాళీ తూటా కుడిపక్కకి పోతుంది, స్క్రూ బెజ్జాలు కంపెనీవే. మేము చూస్తుండగానే దాని పని పట్టాడు. బెజ్జాల్లో నూనె తుడిచి, స్క్రూ మరకి ఒక్క చుక్క నీలం జిగురు. రింగుల్లో స్కోప్ పెట్టి, కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, అప్పుడు తెరిచాడు. కంటికీ అద్దానికీ మధ్య మూడు నాలుగంగుళాలు వదలాలి, లేదంటే దెబ్బకి కనుబొమ చిట్లుతుంది. వృత్తం అంచున నలుపు కనిపించినన్నిసార్లూ స్కోప్‌ని వెంట్రుకవాసి జరిపాడు. హ్యామర్ స్కోప్ కింద నక్కిపోయి బొటనవేలికి అందదు కాబట్టి దానికి పక్కనుంచి చిన్న కొమ్ము బిగించాడు. చక్కగానే ఉంది. కాకపోతే లివర్ తుపాకీని సరిగ్గా ఆ రిసీవర్ దగ్గరే గుప్పిట పట్టి అడవిలో నడుస్తారు. ఇప్పుడా గుప్పిట పట్టదు. నాకైతే కొత్త కోడలికి అత్తగారి నగలన్నీ దిగేసినట్టనిపించింది.

పక్కింటాయన ముఖం చూసి మేస్త్రి వించెస్టర్‌ని ఎడమవైపు తిప్పాడు. రిసీవర్ వెనక రెండు చిన్న స్క్రూలు. "కంపెనీ వేసిన బెజ్జాలే ఇవి, పీప్ సైట్ కోసం." సొరుగులోంచి సన్నని రంధ్రమున్న ఇనప బిళ్ల తీసి బిగించాడు. సంగతి నాకు వెంటనే తెలిసింది: కళ్లజోడు మర్చిపోయిన రోజు పిడికిలి సందులోంచి బస్సు బోర్డు చదివే ఉపాయమే ఇది! సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరందీ రెండూ తేటపడతాయి. ముందు గింజ ఇంకాస్త ఎత్తుది వెయ్యాలో లేదో కాల్చి చూశాకే తెలుస్తుందన్నాడు.

తుపాకీ ఖాళీయేనని మళ్లీ చూసి చేతికిచ్చాడు. పక్కింటాయన షెడ్డు ఆ చివర గోడకున్న క్యాలెండర్ వైపు గురిపెట్టాడు. చాలాసేపు దించలేదు.

"గురువారం" అన్నాడు. "పండగ గడి కనిపిస్తోంది."