కాజీపేట నుంచి వేయిస్తంభాల గుడి దాకా

కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి వరంగల్ వైపు పెద్దరోడ్డు పట్టుకుంటే పది పన్నెండు కిలోమీటర్లలో మూడు ఊళ్లు దాటుతాం. కాజీపేట, హనుమకొండ, వరంగల్. త్రినగరి అని మనం చెప్పుకునే ఊరిని ఒక్కటి చేసింది ఈ రోడ్డే. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది. రోడ్డున పోయేవాళ్లకు మాత్రం ఆ హద్దు ఎక్కడా కనిపించదు.

ఫాతిమానగర్ వంతెన మీద బండ్లు చీమల బారులా కదులుతాయి. అది దిగితే నిట్. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ అది, పెద్దవాళ్లకు ఇప్పటికీ ఆర్‌ఈసీయే. సుబేదారి, అదాలత్ అన్నీ ఆఫీసులూ కోర్టులూ. నక్కలగుట్ట అంటే మాకు కాళోజీ ఇల్లు. ఆయన పేరిట బాలసముద్రంలో కళాక్షేత్రానికి 2014లో, ఆయన శతజయంతి నాడు శంకుస్థాపన చేశారు. తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరులో. ఒక కవి పేరున హాలు కట్టడానికి పదేళ్లు!

హనుమకొండ చౌరస్తా వెనక గల్లీలో పెరిగినదాన్ని. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మను తాంబాళంలో పెట్టుకుని అమ్మ ముందు నడిస్తే, ఆమె కొంగు పట్టుకుని నేను. ఆ సాయంత్రం ఆడవాళ్లంతా వేయిస్తంభాల గుడికే. తంగేడు, గునుగు పూలతో ఆవరణ నిండిపోయేది, కాలు పెట్టే సందు ఉండేది కాదు.

ఈ గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, ఎదురుగా నల్లరాతి నంది. నందికి అటువైపు కళ్యాణ మండపం. ఇసుక పునాది మీద నిలిచిన ఆ మండపం కుంగిందని 2006 ప్రాంతంలో విప్పారు. విప్పడం సబబే. పునాది సరిచేయాలంటే వేరే దారి లేదు. కానీ విప్పిన రాళ్లు ఏళ్లకేళ్లు ఎండకూ వానకూ పడి ఉన్నాయి. బతుకమ్మ ఆడటానికి వచ్చిన పిల్లలు పెరిగి, తమ పిల్లలను ఎత్తుకుని వచ్చినా మండపం లేవలేదు. డబ్బుల కోసం కొన్నాళ్లు, పని ఆగి కొన్నాళ్లు. 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, మళ్లీ తెరిచారు. ఆ స్తంభాల నునుపు మీద చెయ్యి ఆనించినప్పుడు సంతోషమూ కోపమూ కలిసే వచ్చాయి. ఒక తరం పిల్లలకు ఆ మండపం చూపించలేకపోయాం. ఆ బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

గుడి దాటాక రోడ్డు ములుగు రోడ్డు జంక్షన్, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా స్టేషన్ వైపు పోతుంది. అటు 1934 నాటి ఆజంజాహి మిల్లు ఉండేది. వేల కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. దాని భూమి ప్లాట్లయింది. అది ఇక తిరిగి రాదు.

కానీ ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాల నడుమ కాకతీయుల స్వయంభూ గుడి రాళ్లు ఇంకా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కళ్యాణ మండపాన్ని రాయి రాయి పేర్చి నిలబెట్టిన స్థపతులు, శిల్పులు ఈనాడు మన మధ్యనే ఉన్నారు. కోటలో ఏ రాయి ఎక్కడిదో గుర్తించి, నిలబెట్టగలిగినవి నిలబెట్టే పని వాళ్లు ఉండగానే మొదలుపెట్టాలి. ఈసారి గడువు ముందే రాసి గుడి గోడకు అంటించాలి.