ఏరు దాటని ఏనుగు

2019 ఎండాకాలం. ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి ఇంట్లో పగలంతా నాకు తోడు ఫ్రిజ్ చప్పుడొక్కటే. నా అవస్థ చూసి మావాడి స్నేహితుడు, కాంటన్ మూలాలున్న కుర్రాడు, బార్ట్ రైలెక్కించి శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌కి తీసుకెళ్ళాడు. ఎండాకాలమన్న పేరేగానీ స్వెటరు విప్పలేదు.

పోర్ట్స్‌మత్ స్క్వేర్ పార్కు పది గంటలకే ముసలివాళ్ళతో కిటకిటలాడుతోంది. ఓ పక్క అట్టపెట్టెల చుట్టూ ఆడవాళ్ళ పేకాట. ఇంకో పక్క చైనా చదరంగం. వీళ్ళలో చాలామందికి ఇల్లంటే ఒక్క గదేనట. వంటిల్లు, స్నానాలగది అంతస్తంతటికీ ఉమ్మడి. అందుకని పార్కే వసారా.

దీని వెనక పాత కథుంది. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది. అది 1943 దాకా తొలగలేదు. ఇక్కడున్నవాళ్ళలో పెళ్ళాంబిడ్డల్ని తెచ్చుకోలేక ఎందరో ఒంటరిగా ముసలివాళ్ళయ్యారు. వాళ్ళని చూసే దిక్కులేక 1966లో సెల్ఫ్ హెల్ప్ ఫర్ ది ఎల్డర్లీ, 1971లో ఆన్ లోక్ అనే సంస్థలు పుట్టాయి. కుర్రాడి నాయనమ్మ వెళ్ళేది రెండోదానికే. ఆన్ లోక్ అంటే కాంటనీస్‌లో ప్రశాంతమైన, సంతోషమైన ఇల్లు అని అర్థం. పొద్దున్నే వ్యాను వస్తుంది. డాక్టరు, మందులు, వ్యాయామం, భోజనం, కబుర్లు అన్నీ అక్కడే. రాత్రికి ఎవరి మంచం వాళ్ళదే. దాన్ని చూసే దేశమంతా పేస్ అనే పద్ధతి వచ్చింది. 1997లో దాన్ని పెద్దల ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికేర్‌లో శాశ్వతంగా చేర్చారు. మనవాళ్ళేమో పెద్దల కోసం ఊరవతల తోటల్లో విల్లాలు కడతారు. అక్కడ పలకరించడానికి కూరలమ్మే ఆవిడ కూడా ఉండదు.

పార్కు నుంచి నడకవంతెన దాటి హోటల్ మూడో అంతస్తులోని చైనీస్ కల్చర్ సెంటర్‌కి వెళ్ళాం. బొమ్మలు బాగానే ఉన్నాయి. కానీ నా మనసంతా కింద చదరంగం బల్ల దగ్గరే.

తిరిగొచ్చి నిలబడితే ఓ పెద్దాయన తన ఎదుట కూర్చోమని సైగ చేశాడు. బొమ్మల్లేవు, అక్షరాలు చెక్కిన గుండ్రటి చెక్కబిళ్ళలు. బల్ల మధ్యలో గీసిన ఓ ఏరు. నా నల్లబిళ్ళల్లో ఏనుగేదో కుర్రాడు చూపించాడు. మన ఏనుగే కదా అని తిన్నగా నడిపాను. పెద్దాయన నా మణికట్టు పట్టుకుని వెనక్కి తెచ్చి, వేలితో మూలగా రెండు గళ్ళు గీశాడు. సరేనని అలాగే నడుపుతూ ఏటి అవతలికి పోబోతే మళ్ళీ పట్టుకున్నాడు. వాళ్ళ ఏనుగు ఏరు దాటదు. చుట్టూ చేరినవాళ్ళు ఘొల్లుమన్నారు.

ఆట ఎటూ ఓడిపోయాను. ఆయన బిళ్ళలన్నీ కలిపి, ఈసారి ఎర్రవి నావైపు తోశాడు. మొదటి ఎత్తు ఎర్రవాళ్ళదేనట.