చిన్న చేతులకు పని

గత సంవత్సరము వేసవిలో ఒక ఆదివారము సాయంకాలమున మా యింట జరిగిన సంగతిని మొదట చెప్పెదను. చెప్పుటకు నాకు సిగ్గుగానే యున్నది. అయినను ఇట్టిది అనేకుల యిండ్లలో జరుగుచున్నది గనుక దాచుట మంచిది కాదని తోచినది.

మా కుమార్తెయు అల్లుడును బెంగళూరులో పని చేయుచున్నారు. గోరంట్ల ప్రాంతపువారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకవలసిన సీమ మనది. ఆ వానయు తప్పిన యేడు శెనక్కాయ చేను పశువుల మేతకైనను చాలదు. అప్పుడు పడుచువారు బెంగళూరు బస్సు ఎక్కుదురు. పిల్లలు అవ్వతాతల యొద్ద నిలుతురు. అట్లే నాలుగేండ్ల మా మనుమడు మా యొద్ద నున్నాడు.

ప్రతి ఆదివారము సాయంకాలమున వాని తల్లి సెల్‌ఫోనులో ముఖము కనబడునట్లు మాటలాడును. ఆ దినమున ఆమె పిలిచినప్పుడు ఫోను పిల్లవాని చేతిలోనే యుండెను. వాడు కదలు బొమ్మలు చూచుచుండెను. బొమ్మలు పోయి తల్లి ముఖము వచ్చెను. వాడు బొటనవ్రేలితో ఆ ముఖమును త్రోసివేసి మరల బొమ్మలు పెట్టుకొనెను. ఆమె రెండవసారి పిలిచెను. మరల అట్లే చేసెను. మూడవసారి ఆమె నా భార్య ఫోనునకు పిలిచి, “వాడు నన్ను చూడనంటున్నాడా నాయనా?” అని నన్నడిగెను. నాకు జవాబు దొరకలేదు.

ఆ ఫోనును వాని చేతికిచ్చినది ఎవరు? నేనే. శనివారమున ప్రసంగము సిద్ధపరచుకొనవలెను; సంఘస్థులు వచ్చుచుందురు; పిల్లవాడు అల్లరి చేయును. మొదట పావుగంట ఇచ్చితిని. తరువాత అన్నము తినునప్పుడు ఇచ్చితిని. పిమ్మట వాడు అడుగకముందే ఇచ్చుచుంటిని. కొన్ని దినములు నాలుగు గంటలు కదలక కూర్చుండెడివాడు. ఇల్లు నెమ్మదిగా నున్నదని సంతోషించితినే గాని, పిల్లవాడు “ఎందుకు తాతా” అని అడుగుట మానినాడని గమనింపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఈ విషయమై సలహా ప్రకటించిరి. రెండు మొదలు నాలుగేండ్ల వరకు గల పిల్లలు దినమునకు ఒక గంటకు మించి తెర యెదుట కూర్చుండరాదనియు, ఎంత తక్కువైన అంత మేలనియు, ఏడాది నిండని బిడ్డకు అసలే చూపరాదనియు దాని సారాంశము. నేను దానిని తెలిసికొనునప్పటికి ఆలస్యమైనది.

ఆ రాత్రి నా భార్య ఫోనును బీరువా మీద పెట్టి, “ఊరికే లాక్కుంటే ఏడుస్తాడు. వాని చేతులకు ఏదైనా పని చూపండి” అనెను. నేను చదువుకొన్నవాడను గనుక నాకు తోచిన పని పలకయే. మరునాడే వానిని కూర్చుండబెట్టి అ, ఆలు దిద్దించితిని. వాడు బలపము విసరివేసెను. నేను వాని అరచేతిమీద ఒక దెబ్బ వేసితిని. ఆ సమయమున మా సంఘములోని ఒక అవ్వ ప్రార్థన చేయించుకొనుటకు వచ్చి వాకిట నిలిచి చూచెను. ఆమెకు సంతకము చేయరాదు. “అయ్యగారూ, పలుపు పట్టుకోను రానోనికి మడక ఇస్తే ఎట్లా?” అని అడిగెను.

ఆ మాటలోని శాస్త్రమును నేను తరువాత గ్రహించితిని. అక్షరము వ్రాయవలెనన్న వ్రేళ్లకు బలము కావలెను. బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిసి పట్టుట రావలెను. కన్ను చూచిన దారిని చేయి నడువవలెను. ఇవన్నియు పిసుకుట, చింపుట, గ్రుచ్చుట, మడచుట అను పనులవలన వచ్చును. తెరను త్రోయుటకు ఒక్క వ్రేలు చాలును గనుక మిగిలిన తొమ్మిది వ్రేళ్లకు అది ఏమియు నేర్పదు.

మరునాడు అవ్వ ఒక గంపలో బంకమట్టి తెచ్చెను. “చెరువెండిపాయ. నీళ్లకు కరువు గానీ మట్టికేం కరువయ్యా?” అని నవ్వెను. మట్టిలోని రాళ్లు ఏరి, రాత్రియంతయు నానబెట్టి, పగులకుండ కొంచెము బూడిద కలిపి, చపాతి పిండివలె మెత్తగా పిసికించెను. చేసిన బొమ్మలను ఎండలో పెట్టక నీడలోనే ఆరనియ్యవలెనని చెప్పెను. మొదటి దినమున మా వాడు మట్టిలో వ్రేలు పెట్టి తీసెను, అంతే. రెండవ దినమున పాములు చేసెను. నాలుగవ దినమున ఒక ఎద్దు చేసి నా యొద్దకు తెచ్చెను. దానికి మూడు కాళ్లును ఒక కొమ్మును మాత్రమే యుండెను.

ఇక్కడ నేను రెండవ తప్పు చేసితిని. ఎద్దును తీసికొని నాలుగవ కాలు పెట్టితిని, రెండవ కొమ్ము పెట్టితిని, మూపురము దిద్దితిని. మంచి ఎద్దే అయినది. వాడు దానిని చూచి ప్రక్కకు నెట్టి, “ఇది తాత ఎద్దు. నా ఎద్దేదీ?” అని నేలమీద వెదకసాగెను. చాప ఎత్తి చూచెను. మంచము క్రింద చూచెను. వాని ఎద్దు నా ఎద్దులోనే యున్నది. దానిని నేను తిరిగి తీసి యిచ్చుట ఎట్లు?

ఈ సంగతిని కుమార్తెకు చెప్పితిని. ఆమె నవ్వి, “నేను బావికాడ మట్టితో ఇల్లు కట్టినప్పుడు నువ్వు కాలితో చదును చేసి, చేతులు కడిగించి ఎక్కాలకు కూర్చోబెట్టినావు. గుర్తులేదా నాయనా?” అనెను. నాకు బొత్తిగా జ్ఞాపకము లేదు. ఇరువది యేండ్లకు పైగా ఆమె దానిని జ్ఞాపకముంచుకొన్నది. ఆమెకు చదువు వచ్చినది, ఉద్యోగమును వచ్చినది. అయినను ఆ బావి గట్టున నేను ఏమి చదును చేసితినో దేవునికే తెలియును. ఆ రాత్రి ఆమెను క్షమాపణ అడిగితిని. “పోనీలే నాయనా, వానిదైనా ఉండనీ” అనెను.

నేను వేదాంత కళాశాలలో చదివినప్పుడు ఒబెర్లిన్ అను ఫ్రాన్సు దేశపు పాదిరిని గూర్చి పాఠము వింటిని. ఆయన 1767లో వోజ్ కొండలలోని వాల్డర్స్‌బాక్ అను బీదగ్రామమునకు కాపరిగా వచ్చెను. అక్కడ తల్లిదండ్రులు పొలము పనికి పోగా చిన్నపిల్లలు దిక్కులేక తిరుగుచుండిరి. ఆయన యువతులను ఏర్పరచి ఆ పిల్లలకు అల్లిక పని నేర్పించెను. అల్లుచుండగా కథలును, పటములును, మొక్కల పేర్లును నేర్పించెను. వారిలో లూయీజ్ షెప్లర్ అను ఆమె ఆ పనిలోనే తన జీవితమును గడిపెను. జర్మనీలోని ఫ్రోబెల్ సంగతియు చదివితిని. ఆయనయు ఒక పాదిరి కుమారుడే. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకొన్నవాడు. 1837లో బ్లాంకెన్‌బుర్గులో చిన్నపిల్లల కొరకు సంస్థ నారంభించి, నూలు బంతులు, కొయ్యదిమ్మెలు, కాగితపు మడతలు వారి చేతికిచ్చెను. కిండర్ గార్టెన్ అను పేరు ఆయన పెట్టినదే. మన దేశములో గాంధీగారు 1937లో వార్ధాలో చేతిపని ద్వారా చదువు అను పద్ధతిని దేశము నెదుట పెట్టిరి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమువారు మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లల కొరకు బొమ్మలు, తోలుబొమ్మలు, ఆటవస్తువులు గల పెట్టెను “జాదుయీ పిటారా” అను పేర విడుదల చేసిరి. ఒబెర్లిన్ కథను పరీక్షలో వ్రాసి నేను మంచి మార్కులే తెచ్చుకొంటిని. దానిని నేర్చుకొన్నది మాత్రము ఆ అవ్వ గంప దించిన దినముననే.

అటుతరువాత మా యింట జరిగిన పనులను కొన్ని చెప్పెదను. ఇవి రూకలతో పని లేనివి.

జొన్నదంటు పైబెరడు ఒలిచి, లోపలి బెండును ముక్కలుగా కోసి, ఆ బెరడు పుల్లలనే మేకులుగా గ్రుచ్చి, బండియు, మంచమును, కండ్లద్దాలును చేసితిమి. బెరడు చేతిని కోయును గనుక ఒలుచుట పెద్దల పని, గ్రుచ్చుట పిల్లల పని. చింతగింజలను ఐదేసి కుప్పలు పోసి లెక్క నేర్చితిమి. నేలమీద గుంటలు గీచి వామనగుంటలాడితిమి. ఇప్పుడు వాడు ఇరువది వరకు తప్పులేకుండ లెక్కించును. ఓడిపోయినప్పుడు మాత్రము లెక్క తప్పును! పసుపునీళ్లలో చిటికెడు సున్నము నా భార్య వేసినప్పుడు ఆ నీళ్లు ఎఱ్ఱనైనవి. వాడు నోరు తెరచి చూచి, ఎన్నో నెలల తరువాత “ఎందుకు అవ్వా?” అని అడిగెను. మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. సున్నము కంటిలో పడిన ప్రమాదము గనుక దానిని పెద్దలే కలుపవలెను. మట్టల ఆదివారమునకు తెచ్చిన ఈత ఆకులతో గిలకలును, చిన్న చాపలును అల్లితిమి.

తల్లులు ఒక జాగ్రత్తను మరువరాదు. మూడేండ్లలోపు బిడ్డలకు చింతగింజలు, పూసలవంటి చిన్న వస్తువులు ఇయ్యరాదు. అవి గొంతులో అడ్డుపడును, ముక్కులో దూరును. ఆముదపు గింజలు, గురివింద గింజలు, గన్నేరు కాయలు చూచుటకు అందముగా నుండును గాని విషము గలవి. వీటిని ఏ వయస్సు పిల్లలకును ఆటకు ఇయ్యరాదు.

దసరా సెలవులలో వానిని ధర్మవరము మండలములోని నిమ్మలకుంటకు తీసికొని పోయితిని. తోలుబొమ్మలు చేయువారి యూరది. 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారిది ఆ యూరే. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగించి ఆరబెట్టుదురు. అది వెలుగు దూరునంత పలుచనైన తరువాత బొమ్మ గీచి, ఉలులతో చిన్నచిన్న రంధ్రములు కొట్టి, రెండు ప్రక్కలను రంగులు వేయుదురు. కాళ్లును చేతులును వేరుగా చేసి దారముతో ముడివేయుదురు గనుక అవి ఆడును. పని చేయుచున్న ఒకాయన ప్రక్కన మా వాడు అరగంట కూర్చుండెను. ఫోను లేకుండ వాడు అంతసేపు ఒకచోట కూర్చుండుట నేను చూచుట అదే మొదలు.

ఇంటికి వచ్చి పాత పెండ్లిపత్రికలతో బొమ్మలు కత్తిరించితిమి. పలుచని కాగితమునకు రంగు వేసి శెనక్కాయ నూనె పూసితిమి. అప్పుడు వెలుగు దానిగుండ వచ్చి రంగులు తెరమీద పడును. నా తెల్లపంచెను రెండు గుంజలకు కట్టి, వెనుక దీపము పెట్టితిమి. సింహమును చేసెదవా, గొఱ్ఱెపిల్లను చేసెదవా అని అడిగితిని. వాడు ఒక బస్సు చేసెను. కిటికీలో ఒక ముఖము గీచెను. ముక్కు లేదు, చెవి లేదు. పెద్ద బొట్టుబిళ్ల వంటి రెండు కండ్లు మాత్రమున్నవి. నేను ముక్కు పెట్టలేదు. చేతులు వెనుకకు కట్టుకొని కూర్చుంటిని.

“ఈ బస్సు ఎక్కడికి పోతుందిరా?” అని అడిగితిని.

“పోదు తాతా. వస్తుంది” అని వాడు బస్సును పంచె ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా నడిపించెను.

ఆ ఆదివారము సాయంకాలమున నేను బీరువామీది ఫోను తీసి, దానిలో వాని తల్లికి ఆ ఆట చూపించితిని. ఫోనును నేను నిందింపను. దూరమున నున్న తల్లి ముఖమును చూపుటకు అది మంచి వస్తువే. ఆమె చూచి చాలసేపు మాటలాడలేదు. పిల్లవాడు పంచె వెనుకనుండి వచ్చి, “అమ్మా, కనపడిందా?” అని అడిగి, తెరమీది ఆమె ముఖమునకు దగ్గరగా తన ముఖము పెట్టెను.

ప్రియ చదువరులారా, మన ప్రభువు నజరేతులో వడ్రంగి పని చేసెను. బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపినది చేతిపని కొరకు అని మనము నిర్గమకాండములో చదువుచున్నాము. మట్టిని ముట్టుట దేవునికి చిన్నతనము కాలేదు. మనకేల చిన్నతనము? బిడ్డ చేతులు మురికియైనవని కసరక ముందు, అవి ఏమి చేసినవో ఒక్కసారి చూడుడి. చూచి, దిద్దకుడి. పనికి పోయి అలసి వచ్చు తల్లులకు ఇంతకంటె నేను చెప్పుటకు నోరు రాదు. దినమునకు అరగంట చాలును. అవ్వలకును తాతలకును మాత్రము గట్టిగానే చెప్పుచున్నాను, ఏలయనగా వారిలో నేనొకడను.

క్రిస్మసునకు మా కుమార్తె వచ్చినప్పుడు వాడు క్రొత్తగా ఒక ఎద్దు చేసి ఆమెకిచ్చెను. “నాలుగో కాలేదిరా?” అని ఆమె అడుగగా, “ఇది నడుస్తాండాదమ్మా, ఒక కాలు పైకెత్తింది” అనెను. అది ఇప్పుడు బెంగళూరులో వారి కిటికీ మీద నున్నది.