నాయన బండికి పొగ పరీక్ష

పావగడ ఎక్కడుందని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఒకటే. పటంలో కర్ణాటక, తుమకూరు జిల్లా. కానీ చుట్టూ దాదాపు అన్ని వైపులా ఆంధ్రదేశమే. మా తాలూకావాళ్ళు జిల్లా కేంద్రానికి పోవాలంటే మడకశిర వైపు ఆంధ్ర నేల తొక్కి, మళ్ళీ కర్ణాటకలో దిగాలి. బోర్డుల మీద కన్నడం, ఇళ్ళల్లో తెలుగు. బడిలో 'హాలు' అని రాసి, ఇంటికొచ్చి పాలు తాగినవాణ్ణి నేను. పాత కన్నడంలోని 'ప' కొత్త కన్నడంలో 'హ' అయిందనీ, పులి హులి అయినట్టే మన పొగ వాళ్ళకు హొగె అనీ మా నాయన చెప్పేవాడు. ఆయన కన్నడ మేష్ట్రు. ఇంట్లో మాత్రం అచ్చ తెలుగు.

ఈ ముచ్చట ఆ పొగ గురించే.

2022 మే నెలలో శాన్ హోసే నుంచి సెలవు మీద ఊరికి వెళ్ళాను. నాయనకు అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన 1997లో కొన్న తెల్ల మారుతీ 800 వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. మన దేశంలో సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. 2012, 2017 గడిచాయి. మూడోసారి గడువు ఆ నెలే. ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగిందని తెలిసి నాయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మార్చిలోనే రమ్మని రాసినాను కదా అని ఆయన బాధ.

"దీన్ని తుక్కుకిచ్చేద్దాం నాయనా, కొత్తది నేను కొనిస్తాను" అన్నాను.

"కొత్తదాని మీటలు నేర్చుకునే వయసా నాది? ఇది నాకు తెలుసు, నేను దీనికి తెలుసు."

అసలు సంగతి అమ్మ మోకాళ్ళు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదన్న హద్దును ఎన్నో బోర్లు ఎప్పుడో దాటాయి. అమ్మ బస్సు మెట్టు ఎక్కలేదు. ఆసుపత్రికైనా, శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు తేవడానికైనా ఆ బండే దిక్కు. అది ఆగితే వాళ్ళిద్దరూ వాకిలి దాటరు.

ఆంధ్రలో 'పొల్యూషన్' అంటారు, మా దగ్గర 'ఎమిషన్'. "ఎమిషన్ చేయించినావా?" అని అడుగుతారు. శనివారం పొద్దున పావగడకు పోయాం. శనిమహాత్మ గుడి రద్దీ దాటి ఒక పరీక్ష కేంద్రం దగ్గర ఆపాం. పొగగొట్టంలో సన్న గొట్టం దూర్చారు. కార్బన్ మోనాక్సైడ్ 5.1 శాతం, హైడ్రోకార్బన్లు 1,900. ఇంత పాత బండికి హద్దు 3 శాతం, 1,500. తర్వాత వచ్చిన భారత్ స్టేజ్ 2, 3 కార్లకు అర శాతమే, స్టేజ్ 4 కార్లకు 0.3. అంటే చట్టం మా ముసలిదాన్ని ఫస్టు క్లాసు అడగడం లేదు, ముప్పై అయిదు మార్కులు చాలంటోంది. అవీ రాలేదు.

అక్కడి కుర్రవాడు గొంతు తగ్గించాడు. "ఇంకో బండికి గొట్టం పెట్టి, మీ నంబరు ప్లేటు ఫోటో తీస్తాను సార్. అయిపోతుంది." మొహమాటం లేకుండా చెప్పాలంటే, నేను జేబులో చెయ్యి పెట్టాను. నాయన మాత్రం, "ముప్పై ఆరేండ్లు కాపీ కొట్టేటోళ్ళను పట్టుకున్నోణ్ణి. ఇప్పుడు నేనే కొట్టాలనా?" అని బండెక్కి కూర్చున్నాడు.

నేనుండే కాలిఫోర్నియాలో రెండేళ్ళకోసారి స్మాగ్ పరీక్ష. 2000 తర్వాతి పెట్రోలు కార్లకు గొట్టం కూడా పెట్టరు, కారులోని కంప్యూటరుకు తీగ తగిలిస్తే అదే చెబుతుంది. మా మారుతీకి కంప్యూటరెక్కడిది? దాని జబ్బు మనిషి ముక్కుకూ చెవికీ తెలియాల్సిందే.

ఆ ముక్కూ చెవీ ఉన్నవాడు నాయన దగ్గర చదివిన మెకానిక్. బోనెట్ ఎత్తి కాసేపు విని, "మేష్ట్రే, బండి తిండి ఎక్కువ తింటాండాది, గాలి తక్కువ పీలుస్తాండాది" అన్నాడు. పెట్రోలు ఎక్కువై గాలి చాలకపోతే సగం కాలి మోనాక్సైడ్ పెరుగుతుంది. ప్లగ్గు సరిగా మండకపోతే కాలని పెట్రోలే హైడ్రోకార్బన్లుగా బయటికొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దులిపితే పిడికెడు ఎర్రమట్టి రాలింది. ప్లగ్గులు కాటుక పట్టి ఉన్నాయి. అసలు దొంగ చోక్. నాయన పొద్దున లాగి, తర్వాత లోపలికి తోస్తాడు. మీట లోపలికి పోతుంది గానీ దుమ్ముకు తీగ బిగుసుకుని, కార్బురేటర్ మూత సగం మూసే ఉంది. ఎన్నాళ్ళుగానో ఆ దేవుడికే తెలుసు.

తీగ మార్చాడు, కొత్త ప్లగ్గులు వేశాడు, వాల్వుల సందు సరిచేశాడు. ఐడిలింగ్ మర కొంచెం కొంచెంగా తిప్పుతూ చెవొగ్గి విన్నాడు. సైలెన్సరుకు చిల్లు ఉందని వెల్డింగ్ కూడా పెట్టాడు. చిల్లుంటే బయటి గాలి కలిసి అంకె తగ్గి కనిపిస్తుంది, అది మనకే మంచిది కదా అన్నాను. నాయన చూసిన చూపు మూడో తరగతిలో చూసిందే.

ఇంజను బాగా వేడెక్కాకే పరీక్షకు పోవాలన్నాడు మెకానిక్. అందుకని తిరుమణి దాకా పోయాం. అక్కడ పదమూడు వేల ఎకరాల సోలార్ పార్కు ఉంది. 2018 మార్చిలో ప్రారంభించారు, మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఒకప్పుడు వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూసిన చేలలో ఇప్పుడు పలకలు ఆకాశం చూస్తున్నాయి. భూమి అమ్మించలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. పొలమున్నవాడికి నికరమైన రాబడి. కూలికి పోయేవాడి మాటేమిటని అడిగితే నాయన అద్దంలోంచి బయటికి చూశాడు. పొగ లేని కరెంటు పక్కన పొగ బండిని వేడి చేయడానికి వచ్చామని నాకే నవ్వొచ్చింది.

వెనక్కి వచ్చి, ఇంజను ఆపకుండానే ఇంకో కేంద్రంలో గొట్టం పెట్టించాం. 2.3 శాతం. హైడ్రోకార్బన్లు 900. నాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. మధుగిరి ఆర్టీవో పని ఒక పూటలో ముగిసింది. దాని గురించి చెప్పడానికేమీ లేదు, ఎండ తప్ప.

స్టేజ్ 4 నుంచి వచ్చిన బండ్లకు ఈ ఎమిషన్ చీటీ ఏడాది చెల్లుతుంది, మా పాతదానికి ఆరు నెలలే. నేను బయలుదేరే రోజు నాయన క్యాలెండర్‌లో నవంబరు పేజీ తిప్పి ఒక తేదీకి సున్న చుట్టాడు.

"అప్పుడు నువ్వు రావాల్సిన పనిలేదప్పా" అన్నాడు. "చోక్ తోసినానో లేదో ఫోన్లో అడుగు, చాలు."