నాలుగవ స్థానం

మా విద్యార్థులు మధ్యాహ్న విరామంలో ఒక వినోదాన్ని కల్పించుకున్నారు. తమకు నచ్చిన ఆటగాళ్ళతో ఒకరోజు క్రికెట్ పోటీలకు భారత జట్టును కాగితంపై కూర్చడమే ఆ వినోదం. ఆ కాగితం మా చేతికి వచ్చేసరికి పది పేర్లు నిండినవి. నాలుగవ బ్యాట్స్‌మన్ స్థానం మాత్రం ఖాళీగా ఉన్నది. "మీరే చెప్పండి సార్" అన్నారు. మేము అంబటి రాయుడు పేరు వ్రాసినాము. అందరూ నవ్వినారు.

గుంటూరులో పుట్టిన తెలుగువాడన్న మమకారంతో వ్రాసిన పేరు కాదది. 55 ఒకరోజు పోటీలలో 1694 పరుగులు, 47.05 సగటు, మూడు శతకాలు అతనివి. అంకెలు మంచివే. అయితే పరుగు విలువ అది వచ్చిన వేళను బట్టి ఉంటుంది. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌పై మన జట్టు 18 పరుగులకే నాలుగు వికెట్లు పోగొట్టుకున్నది. అంతకు ముందు పోటీలో 92కే ముగిసిన జట్టు అది. రాయుడు తొందరపడలేదు. 113 బంతులాడి 90 పరుగులు చేసినాడు. జట్టు 252కు చేరి, 35 పరుగుల తేడాతో గెలిచినది.

ఏప్రిల్‌లో ప్రకటించిన ప్రపంచ కప్పు జట్టులో అతని పేరు లేదు. జులైలో మాంచెస్టర్ సెమీఫైనల్లో అదే న్యూజిలాండ్ ఎదుట మనవారు 24 పరుగులకు నాలుగు వికెట్లు కోల్పోయి, చివరకు 18 పరుగుల తేడాతో ఓడినారు. అతడుంటే గెలిచేవారని మేమనజాలము. అటువంటి వేళను ఒకసారి దాటించినవాడు ఆనాడు జట్టులో లేడని మాత్రమే అంటున్నాము.

"ఇంత పట్టుదల ఎందుకు సార్?" అని ఒక విద్యార్థి అడిగినాడు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ వ్రాస్తున్నాము. కొన్నేళ్ళ క్రితం కళాశాల జట్టు ఎంపికలో మేమూ కూర్చున్నాము. వికెట్లు పడుతున్నప్పుడు నిలబడి ఇరవయ్యో ముప్పయ్యో చేసే ఒక కుర్రవాణ్ణి, ఆటలో సొగసు లేదని పక్కన పెట్టినాము. అతడు ఎదురు చెప్పలేదు. మరునాటి నుండి మైదానానికి రాలేదు. ఆ సంవత్సరం మేము మొదటి పోటీలోనే ఓడినాము. కాని మమ్మల్ని నేటికీ బాధించేది ఆ ఓటమి కాదు.

కాగితం మీది జట్టుకు ఇన్సాఫ్ చేయడం సులభం. ఇకపై ఎంపికకు కూర్చున్ననాడు స్కోరు పుస్తకంలో ఒకని పరుగులతో పాటు, అతడు క్రీజులోకి వచ్చేసరికి ఎన్ని వికెట్లు పడినవో కూడా చదువుతామని మా విద్యార్థులకు మాట ఇస్తున్నాము.