జపాను పలక

మా నాయన పలక కొట్టేవాడు. పుంగనూరు పక్కన మా మాదిగపల్లె. ఊళ్ళో సావైనా, పెండ్లయినా, సుగుటూరు గంగమ్మ జాతరైనా మొదట కబురు మా నాయనకే వచ్చేది. కబురంటే ఇంటికొచ్చి పిలవడం అనుకునేరు. ఊరి కొసన నిలబడి "రేయ్, పలకలెత్తుకోని రాండ్రా" అని కేకేసి పోయేవాళ్ళు. అంతే. నాయన ముందున్న సంగటి ముద్ద వదిలేసి లేచేవాడు.

మా ఇంట్లో రెండు పలకలుండేవి. ఒకటి నాయనది, ఒకటి నాది. నాది బడికి తీసుకుపోయే రాతిపలక. చిన్నప్పుడు అవ్వ "పలక పట్టుకోని రాపో" అంటే ఏ పలకో తెలీక నిలబడేవాణ్ణి. నాయన పలకకు చట్రం వేపకర్రతో. తోలు మేకదో, దూడదో. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకేసి జిగురు చేసేది మా అమ్మ. ఆ జిగురు వాసన, పచ్చితోలు వాసన మా ఇంటి వాసన. కొట్టేముందు గడ్డి మంటేసి పలక కాచేవాడు. కాగేకొద్దీ తోలు బిగుసుకుంటుంది. వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకోని, ఇంకొంచెం కాచి, లేచేవాడు.

ఆరో తరగతిలో ఒక అయివారు హాజరు పిలుస్తా నా పేరు రాంగానే "నీ పలక యాడరా?" అన్నాడు. నేను సంచిలోంచి రాతిపలక తీసి చూపించినా. "అది కాదురా, మీ నాయనది" అన్నాడు. రెండు పుల్లలు తెప్పించి బల్లమీద సావు దరువు కొట్టమన్నాడు. కొట్టినా. పిల్లోళ్ళంతా నవ్వినారు. బాగా కొట్టినావని ఆయనా నవ్వినాడు. ఆ సాయంత్రం నుంచి నాయన పలక ముట్టుకోలేదు. కాచే మంట దగ్గరికి కూడా పోలేదు. నాయన ఎందుకని ఒక్కసారన్నా అడగలేదు. ఆయనకు తెలుసనే అనుకుంటా.

1986లో పుంగనూరులో హాస్టల్లో ఉన్నా. వాచ్‌మన్ తాత దగ్గర ఒక ట్రాన్సిస్టరుండేది. తాత నిద్రపోయినాక దాన్ని దుప్పట్లో పెట్టుకోని సిలోను స్టేషను కోసం ముల్లు తిప్పేవాళ్ళం. షార్ట్‌వేవ్‌లో గాలి హోరు, ఈలలు, తెలీని భాషలు. ఒక రాత్రి ఆ హోరులోంచి ఒక దెబ్బ వినపడింది. ఒకటే దెబ్బ. తర్వాత చాలాసేపు ఏమీలేదు. మళ్ళా ఒక దెబ్బ. మా పల్లెలో ఎవరో చచ్చిపోయినారనుకున్నా. నిజంగా లేచి కిటికీలోంచి చూసినా. తర్వాత దెబ్బలు దగ్గరైనాయి, పదిమంది కలిసి కొడతావున్నట్టు పొంగినాయి, ఉన్నట్టుండి ఆగిపోయినాయి. హిందీలో ఎవరో ఏదో చెప్పినాడు. నాకర్థమైంది "రేడియో జపాన్" అన్న రెండు మాటలే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. మా నాయన కొట్టే దరువు విని నేనెప్పుడూ అట్లా ఒళ్ళు జలదరించి కూర్చోలేదు. చెవులు మూసుకున్నా. సముద్రాల అవతల ఎవరో తోలుమీద కొడితే మాత్రం వారంపాటు అదే ముల్లు దగ్గర కాపలా కూర్చున్నా. దానిమీద కులం అంటుకోని లేదు కదా, అందుకు. అప్పుడట్లా అనుకున్నా.

డిగ్రీకి మదనపల్లె పోయినా. 1919లో బీసెంటు థియొసాఫికల్ కాలేజీకి రవీంద్రనాథ్ టాగూరు వచ్చినాడు, జనగణమనను అక్కడే ఇంగ్లీషులోకి రాసినాడు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కట్టింది. మదనపల్లెలో ఎవర్ని కదిలించినా ఈ సంగతి చెప్తారు. ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కాలంలోనే టోక్యోలో కెయియో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి వచ్చినాడు. మదనపల్లెకూ జపానుకూ దారి అప్పుడే ఉంది. ఆ దారి ఎవరి ఇండ్ల మీదుగా పోయిందో వేరే చెప్పాల్నా. టాగూరు పాడినప్పుడు మా తాత పుంగనూరు పక్క ఏదో చేన్లో చచ్చిన గొడ్డును ఈడుస్తా ఉండుంటాడు.

1996 డియెస్సీలో కుప్పం దగ్గర టీచరు ఉద్యోగమొచ్చింది. కుప్పంలో రైలెక్కితే బెంగుళూరు. మొదటి జీతంతో ఒక వాక్‌మన్ కొన్నా. ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్ల కుప్పలో "కొదో" అన్న పేరుతో ఒకటి దొరికింది. అట్టమీద నడుముకు గుడ్డ చుట్టుకున్న మనిషి, వాడి ముందు వాడికంటే పెద్ద డోలు. దాన్ని తైకో అంటారని అప్పుడే తెలిసింది. కొదో వాళ్ళది సాదో అనే దీవి, 1981లో మొదలైనారు. ఆ మాటకు గుండె చప్పుడనీ, డోలు బిడ్డలనీ రెండర్థాలు. వాళ్ళకు ముందు అదే దీవిలో ఒందెకోజా అని ఒక దళం. 1975లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పరిగెత్తి, ఆగీ ఆగకముందే డోళ్ళు అందుకున్నారంట. ఇట్లా గుంపుగా కొట్టే పద్ధతి పాతదేమీ కాదు. 1951లో దైహాచి ఓగుచి అనే జాజ్ డ్రమ్మరు మొదలుపెట్టినాడు. పాత దరువును విడగొట్టి ఒక్కొక్క డోలుకు ఒక్కొక్క ముక్క పంచినాడు. మా నాయనావాళ్ళు జాతర్లో నలుగురు నాలుగు రకాలుగా కొట్టి కలుపుతారే, అట్లా.

ఇంకో క్యాసెట్లో క్యూ సకమొతో పాట దొరికింది. 1961 పాట. 1963లో అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. దాని జపాను పేరు పలకడానికి నోరు తిరగదని ఇంగ్లండోళ్ళు "సుకియాకి" అని పెట్టినారు. అంటే గొడ్డుమాంసం కూర. పాటకూ కూరకూ ఏ సంబంధమూ లేదు. మన దగ్గర ఒక పాటకు పెద్దకూర పేరు పెట్టి రేడియోలో వేస్తే ఏమైతుందో తల్చుకోని ఒక్కణ్ణే నవ్వుకున్నా. ఆ పాట రాసిన ఎయి రొకుసుకె 1960లో అమెరికా ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో నడిచి, ఓడిపోయి ఇంటికొస్తా రాసినాడని చెప్తారు. ఉద్యమాల్లో తిరిగినోళ్ళకు ఆ నడక తెలుసు.

అప్పటికే 1994లో మాదిగ దండోరా పుట్టింది. సభ ఎక్కడైనా డప్పు ముందు. మా మిత్రుల్లో ఒకాయన మాత్రం "1927లో మహద్‌లో బాబాసాహెబు చచ్చిన గొడ్డును వదలమన్నాడు, దాని తోలును మాత్రం ఎట్లా మోస్తారు, తగలబెట్టండి" అనేవాడు. నేను లేచి డప్పు మన ఆయుధమని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాళ్ళు. చేత్తో పలక పట్టుకోని ఎన్నేండ్లయిందని ఎవరూ అడగలేదు. రాత్రి రూముకొచ్చి చెవుల్లో జపాను డోలు పెట్టుకోని పండుకునేవాణ్ణి.

2001లో దర్బన్ మహాసభ గురించి మీటింగుల్లో మాట్లాడుకున్నాం. కులాన్ని అక్కడ చర్చకు పెట్టొద్దని మన సర్కారు పట్టుబట్టింది. మన దళితులతోపాటు జపాను నుంచి బురాకు అనేవాళ్ళు వచ్చినారని చదివినా. పుట్టుకతో, పనితో అంటరానివాళ్ళయినోళ్ళు. చదివి పక్కన పెట్టినా. క్యాసెట్ల జపాను ఒక అరలో, బురాకుల జపాను ఇంకో అరలో. పదేండ్లు రెండూ కలవలేదు.

2011లో నాయన కుప్పంలో మా ఇంటికొచ్చి ఉన్నాడు. చూపు తగ్గింది, చెవులు బాగున్నాయి. ఒకరోజు కంప్యూటర్లో కొదో వీడియో పెట్టినా. కళ్ళు చికిలించుకోని ముందుకు జరిగి చూసినాడు. చాలాసేపటికి,

"వాళ్ళు పైన ఉండారే, జనం కింద కూర్చోనుండారే" అన్నాడు.

"స్టేజీ నాయనా."

"ఊఁ." మళ్ళా విన్నాడు. "తోలు ఎద్దుదా?"

"ఆవుదో ఎద్దుదో."

"ఎవురొలిచినారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఐదేండ్లు విన్నా. కొదో అర్థం తెలుసు, ఓగుచి పేరు తెలుసు. ఎవురొలిచినారో తెలీదు. మాదిగ కడుపున పుట్టి ఆ ప్రశ్న నాకు రాలేదు.

ఆ రాత్రే వెతికినా. ఒకే కెయాకి మొద్దును తొలిచి, ఆరబెట్టి, ఆవుతోలు లాగి మేకులతో బిగిస్తారు. తోలు పని, డోలు పని ఎన్నో తరాలుగా బురాకులది. ఒసాకాలో నానివా అనే వాడ వాళ్ళ డోళ్ళకు పేరు. గుళ్ళల్లో, పండగల్లో మోగేది వాళ్ళ డోలే. వాళ్ళని మాత్రం ముట్టుకునేవాళ్ళు కాదు. 1871లో ఎతా అనే అంటరాని పేరును సర్కారు రద్దు చేసింది. కాగితం మీద. 1922 మార్చి 3న క్యోతోలో వాళ్ళే సుయిహెయిషా అని సంఘం పెట్టుకున్నారు. నల్లజెండా మీద ఎర్రటి ముళ్ళకిరీటం. 1975లో బయటపడింది, బురాకు పల్లెల పేర్లూ చిరునామాలూ అచ్చేసిన పుస్తకాలు కంపెనీలు రహస్యంగా కొనుక్కుంటున్నాయని, ఉద్యోగానికొచ్చినోడు ఏ పల్లె వాడో చూసుకోడానికి. మనకు పుస్తకం అవసరం లేదు, "మీదే ఊరు, ఊళ్ళో ఎక్కడ" అంటే చాలు.

1987లో నానివా పిల్లోళ్ళు తమ డోలు తామే కొడతామని ఒక దళం పెట్టినారు. పేరు ఇకారి. కోపం అని అర్థం. డోలు చేసేది మేము, దాన్ని కొట్టి చప్పట్లు తీసుకునేది ఇంకెవరో ఏంది, అని.

పొద్దున్నే నాయనకు చెప్పినా. కాఫీ తాగతా మొత్తం విన్నాడు. ఆశ్చర్యపడలేదు.

"తోలుండాదంటే మనోళ్ళు ఉంటారులే" అన్నాడు. కాసేపాగి, "కూలి ఎంతిస్తారంట?" అన్నాడు.

2014లో నాయన పోయినాడు. పలకలు కొట్టడానికి పల్లెలో ఇద్దరే మిగిలుంటే, మిగతావాళ్ళను చౌడేపల్లె పక్కనుంచి పిలిపించినాం. నేను కొట్టలేదు. కొట్టాలని పుల్లలు పట్టుకున్నా, చేతులు లేవలేదు.

ఇప్పుడు పుంగనూరంటే అందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి. వాటికి అలంకారాలు చేసి ఇండ్లల్లో తిప్పుతున్నారు. ఆ ఆవు చస్తే ఎవరెత్తుతారని అడిగినోణ్ణి నేను చూళ్ళేదు. మా బడి పిల్లోళ్ళు ఫోన్లలో జపాను బొమ్మల సినిమాలు చూసి ఆ పాటలు పాడతా ఉంటారు, మాటలు కూడా తప్పుపోకుండా. వాళ్ళల్లో మా పల్లెల పిల్లోళ్ళూ ఉన్నారు. ఒకడు నా దగ్గర తైకో వీడియో చూసి "సార్, ఇది మా తాత కొట్టేదే కదా" అన్నాడు, ఏ సిగ్గూ లేకుండా. నేను వాడి వయసులో అనలేకపోయిన మాట.

వాడికి చూపిద్దామని గోడకున్న నాయన పలక దించితే తోలు అడ్డంగా చీలుంది. బజార్లో ప్లాస్టిక్ తోలువి దొరుకుతున్నాయి, కాచే పనే లేదంట. వద్దనిపించింది. కుప్పం జాతరకు పలకలు కట్టే ముసలాయన ఒకడు తమిళనాడు సరిహద్దు పల్లెలో ఉన్నాడని తెలిసి ఫోను చేసినా. "తోలు నేను చూసుకుంటా, జిగురు మీ ఇంట్లోనే చేసుకోని రా నాయనా, నాకు చేతకాదు" అన్నాడు. చింతగింజలు నానబెట్టినాం. ఎంతసేపు ఉడకేయాలో అమ్మకొక్కదానికే గుర్తుంది. పొయ్యి దగ్గర పీట వేసుకోని కూర్చోనుంది, నన్ను కలపమంటోంది.