సున్నం పడిన కన్ను

కోరుట్ల నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా మరిదికి చిన్నప్పుడు కంట్లో సున్నం పడి పువ్వు వేసింది. చనిపోయినవారి కన్ను పెట్టిస్తే చూపు వస్తుందా డాక్టరుగారూ?" అని అడిగారు. వస్తుందని ఒకప్పుడు నేనూ ఒక తండ్రికి చెప్పాను. తప్పు చెప్పాను.

1997లో నేను జగిత్యాల ప్రాంతంలో డ్యూటీ డాక్టరుగా కొత్తగా చేరాను. సిరిసిల్ల నుంచి పండక్కి అమ్మమ్మ ఇంటికి వచ్చిన ఆరేళ్ల పిల్లవాణ్ని ఎత్తుకొచ్చారు. ఆకువక్కలోకి తెచ్చిన సున్నం పొట్లాన్ని పిసుకుతూ ఆడుతుంటే పగిలి ఎడమ కంట్లో చిమ్మిందట. ఇంట్లో ఆముదం పోసి, గుడ్డ కట్టి, బస్సు కోసం నిలబడ్డారు. నేను కాస్త సెలైన్‌తో కడిగి, ఆయింట్‌మెంటు వేసి, పెద్దాసుపత్రికి రాసిచ్చాను. పైరెప్ప తిరగేసి చూడలేదు. మర్నాడు అక్కడి కంటి డాక్టరు ఆ రెప్ప కింద నుంచే పెసరగింజంత సున్నం తీశారు. రాత్రంతా అది కాలుస్తూనే ఉంది.

"సారూ, పట్నంల కన్ను మారుస్తరట గద?" అన్నాడు తండ్రి. మరమగ్గం మీద బతికే మనిషి. "మారుస్తారు, బాగవుతుంది" అన్నాను. తర్వాత మార్పించారు కూడా. కొన్ని నెలలు తేటగా ఉంది. ఆపైన చుట్టుపక్కల నుంచి నెత్తుటి నాళాలు పాకి, మళ్లీ తెల్లగా కమ్మేసింది.

ఎందుకిలా అయిందో తెలియాలంటే తల్లి కడుపులో కన్ను తయారయ్యే తీరు తెలియాలి. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరే. ఇది ఒకే ముద్ద నుంచి పుట్టదు. లోపలి పొరలు వేరేచోట నుంచి వలస వచ్చిన కణాలతో తయారవుతాయి. పైపొర మాత్రం చర్మం పుట్టిన పొర నుంచే వస్తుంది. చర్మంలాగే అది అరిగిపోతూ, మళ్లీ పుడుతూ ఉంటుంది. పుట్టించే మూలకణాలు ఉండేది నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నటి అంచులో. దాన్ని లింబస్ అంటారు. కార్నియా పొలమైతే ఇది నారుమడి.

మారుస్తున్నప్పుడు పెట్టేది మధ్య బిళ్ల మాత్రమే. నారుమడిని సున్నం కాల్చేస్తే ఆ బిళ్ల మీద పైపొరను పోసేదెవరు? అప్పుడు తెల్లగుడ్డు మీది పొర నెత్తుటి నాళాలతో సహా వచ్చి ఆక్రమిస్తుంది. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, నేటి చెక్ దేశంలోని ఓలొమోత్స్‌లో, మొట్టమొదటిసారి కార్నియాను మార్చి చూపు తెప్పించారు. ఆ రోగివి కూడా సున్నం పడిన కళ్లే! రెండు కళ్లకూ చేస్తే ఒక్కదానిలోనే నిలిచింది.

మన హైదరాబాదులో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థలో ఈ నారుమడి మీద పరిశోధన జరిగింది. డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి మొదలైనవారు బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి, కాలిన కంటి మీద నాటారు. తర్వాత సాంగ్వాన్ బృందం ఇంకా సులువైన పద్ధతి కనిపెట్టి 2012లో ప్రచురించింది. కందిగింజ కన్నా చిన్న ముక్కను ఇంకా చిన్నవిగా కోసి, కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద పరిచి, దానిపై జిగురుతో అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. ప్రయోగశాల అక్కర్లేదు.

సిరిసిల్ల కుర్రవాడు ఇరవై నాలుగేళ్లప్పుడు ఈ పద్ధతిలోనే ఆపరేషన్ చేయించుకున్నాడు. పైపొర నిలిచింది. చూపు మాత్రం ఎదుటి మనిషి వేళ్లు లెక్కపెట్టేంతవరకే వచ్చింది. చిన్నతనంలో మసకబారిన కంటితో చూడటం మెదడు నేర్చుకోదు. ఆ పద్దెనిమిదేళ్లను ఏ ఆపరేషనూ తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి సున్నం పడ్డ క్షణాన బస్సు కోసం పరుగెత్తకండి. ముందు కుళాయి దగ్గరకో బోరింగు దగ్గరకో పరుగెత్తండి. పిల్లవాణ్ని పడుకోబెట్టి, రెప్పలు విడదీసి, అరగంట తగ్గకుండా నీళ్లు ధారగా పోయండి. కనబడే సున్నాన్ని తడి గుడ్డ కొసతో తీయండి, రుద్దకండి. ఆముదం, పాలు, ఆకుపసరు వద్దు. నిమ్మరసంతో సున్నం విరుగుతుందని ఒకాయన నాతో వాదించాడు, అసలే వద్దు. ఆ తర్వాతే ఆసుపత్రి. అక్కడ డాక్టరు పైరెప్ప తిరగేసి చూడకపోతే, "కొద్దిగా తిప్పి చూడండి సార్" అని అడగండి. మాలో ఎవరూ కోపం తెచ్చుకోరు. తెచ్చుకున్నా ఫర్వాలేదు.

ఇక కోరుట్ల సోదరికి. మీ మరిదిని కార్నియా నిపుణులకు చూపించండి. కన్ను మార్చమని కాదు, నల్లగుడ్డు అంచు బతికి ఉందా అని ముందు అడగండి. సున్నం పడినప్పుడు ఆయన వయసెంత, రెండో కన్ను ఎలా ఉందీ మీరు రాయలేదు. ఆ రెండూ రాయండి.